బయట ఉన్న పుస్తకాలు

జూన్ 4

ప్రియమైన అమ్మకి,

ముందు వార్త చెప్తాను. తర్వాత భయం చెప్తాను.

వార్త ఇది. మా గ్రంథాలయం కొత్త భవనానికి మారుతోంది. పాత భవనం కప్పు కారుతోందని నీకు రాశాను కదా. దాన్ని సెప్టెంబరు ముప్పైకల్లా ఖాళీ చేసి అప్పజెప్పాలి. కొత్తది సెప్టెంబరు ఇరవైన తెరుస్తారు. నలభై వేల పైచిలుకు పుస్తకాలు. వాటిని ఇక్కడినుంచి అక్కడికి చేర్చే పని మొత్తం ఒకరికి అప్పగించారు.

భయం ఏమిటంటే, ఆ ఒకరు నేను.

మా హెడ్ లైబ్రేరియన్ గారిని మేమంతా చాటుగా ‘నిశ్శబ్దం గారు’ అంటాం. ఎవరైనా గొంతు పెంచితే ఆయన ఏమీ అనరు. గోడమీద ఉన్న ‘నిశ్శబ్దం’ బోర్డు వైపు వేలు చూపిస్తారు, అంతే. నిన్న నన్ను గదిలోకి పిలిచి, “ఇది నువ్వే చెయ్యాలమ్మా” అన్నారు.

“నేనా అండీ?”

“ఈ గదిలో ఇంకెవరైనా ఉన్నారా?”

నేను వెనక్కి తిరిగి చూశాను. నిజంగానే చూశాను, అమ్మా.

చేరి ఏడాదిన్నర అయినా నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. ఈ పని సరిగ్గా జరిగితే అక్టోబరులో నా పేరు పైకి పంపుతానన్నారు. జరగకపోతే ఏమిటో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. బయటికి రాగానే బైండింగ్ అక్క పట్టుకుంది. ఇరవై ఆరేళ్ళుగా మా దగ్గర చిరిగిన పుస్తకాలు కుట్టే అక్క ఆవిడ. “దారిలో నిలబడ్డవాణ్ణి జరగమనడానికి కూడా చీటీ రాసిచ్చే పిల్లవి. నువ్వు లారీలు తోలిస్తావా?” అంది. నవ్వుతూనే అంది. నాకే నవ్వు రాలేదు.

రాత్రంతా నీ సైటు ఆఫీసే గుర్తొచ్చింది. సెలవుల్లో నీ దగ్గరికి వచ్చినప్పుడు ఆ రేకుల గదిలో బెంచీ మీద బోర్లా పడుకుని చదువుకునేదాన్ని. మధ్యాహ్నానికి రేకులు వేడెక్కి టిక్కుటిక్కుమనేవి. కింద నది. ఎదురు గోడ నిండా ఒకటే పొడుగు కాగితం, దానిమీద వంతెన పని అంతా అడ్డగీతలుగా ఉండేది. ఏ పని ఏ రోజు మొదలు, ఏ రోజు ముగింపు. పక్కనే ఒక చిన్న పెట్టెలో ఎర్ర కాగితం ముక్కలు. కాంక్రీటు మేస్త్రీయో, క్రేను డ్రైవరో వచ్చి, ఒక ముక్క తీసి, ఏదో రాసి, గీత మీద గుండుసూదితో గుచ్చేవారు. నువ్వు లేచి చదివి, “మంచిపని చేశారు” అనేదానివి. ఆలస్యమవుతుందని చెప్తే మంచిపని ఎలా అవుతుందో నాకు అర్థమయ్యేది కాదు.

నా తాళాలగుత్తిలో ఇప్పుడు పాత భవనానివి, కొత్త భవనానివి, ఏ తాళానికీ పనికిరాని నా పాత ఇత్తడి తాళంచెవి, అన్నీ కలిపి పంతొమ్మిది. నడుస్తుంటే మోగుతున్నాయి. నిశ్శబ్దం గారు ఇప్పటికే రెండుసార్లు బోర్డు చూపించారు.

ఫోను చెయ్యొచ్చు కదా అంటావు. ఫోనులో నేను ‘ఊ’ తప్ప అనలేనని నీకు తెలుసు. ఎక్కడ మొదలుపెట్టాలో రాయి.

నాన్నకి చెప్పు. నవ్వొద్దని కూడా చెప్పు.

నీ
చిలక

*

జూన్ 11

మాటల్లేని నా చిలకకి,

నాన్న నవ్వారు. “నోరు విప్పని పిల్లకి చిలక అని పేరు పెట్టినప్పుడే అనుకున్నాను, ఎప్పుడో ఒకప్పుడు ఊరంతా వినపడేలా అరుస్తుందని” అంటున్నారు. ముప్పై ఏళ్ళు ఓడల మీద వైర్‌లెస్ ముందు కూర్చున్న మనిషి. ఇప్పుడు ఈ సైటు క్వార్టర్స్‌లో వినేవాళ్ళు నేనొక్కదాన్నే కాబట్టి ఆ ముప్పై ఏళ్ళ మాటలూ నాకే చెప్తున్నారు.

సరే, పనికి వద్దాం.

నువ్వు హాస్టలుకి పెట్టె సర్దుకునే రోజులు గుర్తున్నాయా? ముందు పుస్తకాలు పెట్టేదానివి, తర్వాత బట్టలకి చోటు లేదని ఏడ్చేదానివి. నేను అన్నీ బయటికి తీయించి, “రైలు ఎన్నింటికి?” అని అడిగేదాన్ని. ఏడున్నరకి. స్టేషనుకి అరగంట. రిక్షా దొరకడానికి పావుగంట. నీ జడలకి ఇంకో పావుగంట. అలా వెనక్కి లెక్కపెట్టుకుంటూ వస్తే, పెట్టె నిన్ననే సర్దాల్సిందని తేలేది. పని అంటే అదేనమ్మా. సెప్టెంబరు ఇరవై నుంచి మొదలుపెట్టి ఈరోజు వరకు వెనక్కి నడు. ఎక్కడ ఇరుకుందో కాలికే తగులుతుంది.

ఎన్ని రోజులు పడుతుందో పైవాళ్ళని అడగకు. చేసేవాళ్ళని అడుగు. వాళ్ళు చెప్పాక, “దేనివల్ల ఆలస్యం కావచ్చు?” అని మళ్ళీ అడుగు. మొదటి జవాబు మర్యాద కోసం చెప్తారు. నిజం రెండో జవాబులో ఉంటుంది.

ఇంకొకటి. నీకు మనుషుల్ని అడగడం కష్టం. అడిగే బదులు నువ్వే చేసేసుకుంటావు. చిన్నప్పటినుంచీ అంతే. కానీ కొలిచే టేపుకి రెండు కొసలుంటాయి. రెండో కొస ఎవరి చేతికైనా ఇవ్వు.

ఎర్ర చీటీల పెట్టె నువ్వూ పెట్టు. దానికి ఒకటే నియమం: చీటీ గుచ్చినవాళ్ళని ఎవరూ తిట్టకూడదు. అందులో మూడే రాయాలి. ఏం తేడా వచ్చింది, ఎప్పుడు తెలిసింది, ఇప్పుడు ఏ రోజుకి అవుతుంది. తప్పు ఎవరిదో రాయడానికి చోటు ఉండకూడదు, అందుకే ముక్క చిన్నది. ఇక్కడ కూలీల దగ్గర్నుంచి ఇంజనీర్ల దాకా అందరూ నన్ను ‘క్యాలెండరమ్మ’ అంటారు కానీ, పని నడిపేది క్యాలెండరు కాదు, ఆ చీటీలే.

అది ఎందుకు మొదలుపెట్టానో నువ్వు ఎప్పుడూ అడగలేదు. ఎప్పుడైనా చెప్తాను. ఈ ఉత్తరంలో కాదు.

ఇది నా ఆఖరి వంతెన. డిసెంబరులో నాకు సెలవిచ్చేస్తారు. నీ మొదటి పనీ నా ఆఖరి పనీ ఒకే ఏడాది పడటం బాగుంది.

వేళకి తిను. చదువుతూ తినకు.

అమ్మ

*

జూలై 2

ప్రియమైన అమ్మకి,

వెనక్కి నడిచాను. ఇరుకు దొరికింది. అరలు.

పాత అరలు చెదపట్టినవి, కొత్త భవనానికి పనికిరావు. అన్నీ కొత్తగా చేయించాలి. అందుకని పుస్తకాలన్నీ కొలిచాను. మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్ళే గంటలో పన్నెండు రోజులు కొలిచాను. టేపు ఒక కొసని పుస్తకం కింద నొక్కిపెట్టి రెండో కొస నేనే పట్టుకున్నాను. రెండో మనిషి అవసరం రాలేదు, చూశావా. పదకొండువందల ఇరవై మీటర్లు వచ్చింది. ముందుముందు కొనేవాటి కోసం అరవై కలిపాను. నోటుబుక్కులో ఆ అంకె కింద రెండు గీతలు గీసినప్పుడు, కాన్వెంటులో లెక్క సరిపోయినప్పటి సంతోషం కలిగింది.

వడ్రంగి మేస్త్రీతో మాట్లాడాను. నేనే మాట్లాడాను. చీటీ రాసివ్వలేదు.

“ఎన్ని రోజులండీ?”

“మా పన్నెండుమందికీ నలభై రోజులమ్మా.”

“దేనివల్ల ఆలస్యం కావచ్చు?”

ఆయన చెవిమీది పెన్సిలు తీసి నన్ను కిందినుంచి పైదాకా చూశారు. “ఈ ప్రశ్న నీకు ఎవరు నేర్పారు?”

“మా అమ్మ.”

“ఆవిడా వడ్రంగేనా?”

“కాదండీ, వంతెనలు కడుతుంది.”

“అదీ సంగతి,” అని ఆయన పలక మీద కూర్చున్నారు. “చెక్క, తల్లీ. ఆరిన చెక్క ఈ పనికి సరిపోయేంతే ఉంది. ఆ పైన ఒక్క బీరువా అడిగినా పచ్చి చెక్క కోయించి ఆరబెట్టాలి. ఆరడం, చెయ్యడం కలిపి ఎనిమిది వారాలు. ఇంకా ఏమైనా ఉంటే ఇప్పుడే చెప్పు.”

“ఏమీ లేదండీ,” అన్నాను.

గోడకి పొడుగు కాగితం అంటించాను. ఎర్ర చీటీల పెట్టె పెట్టాను. రెండు వారాలైనా ఒక్క చీటీ రాలేదు. బైండింగ్ అక్క అందులో తన సూదులు పెట్టుకుంటోంది.

సెప్టెంబరు ఇరవైన నువ్వు రావాలి. నాన్నతో కలిసి. ఎనభై రోజులు ముందుగా అడుగుతున్నాను. నేను చేసిన పని నువ్వు ఎప్పుడూ చూడలేదు. నేను చదవడమే చూశావు.

నీ
చిలక

*

జూలై 9

చిలకా,

వస్తాను. గోడమీద రాసుకున్నాను. పెన్సిలుతో కాదు, ఇంకుతో.

మేస్త్రీ మంచివాడిలా ఉన్నాడు. ఆయన “ఇప్పుడే చెప్పు” అన్నది మర్యాదకి కాదు. ఇంకోసారి చూసుకో.

అమ్మ

*

జూలై 24

ప్రియమైన అమ్మకి,

అంతా బాగానే ఉంది.

నోటీసు పెట్టాం. పాఠకులు తీసుకెళ్ళిన పుస్తకాలన్నీ ఆగస్టు ముప్పై ఒకటిలోగా తిరిగి ఇవ్వాలని. తెచ్చి ఇస్తున్నారు. కొంతమంది ఏళ్ళ తర్వాత తెస్తున్నారు. ఒక పుస్తకంలో బస్సు టికెట్టు, ఒకదాంట్లో ఎండిన ఆకు, ఒకదాంట్లో ఎవరిదో పాస్‌పోర్టు సైజు ఫోటో. ఆ ఫోటోలో అమ్మాయికి ఇప్పుడు మనవలుంటారేమో.

వాన పడుతోంది. అంతా బాగానే ఉంది.

నీ
చిలక

*

ఆగస్టు 3

ప్రియమైన అమ్మకి,

నీ ఉత్తరం అందింది. ఆలస్యానికి ఏమీ అనుకోకు. పని ఎక్కువగా ఉంది, కానీ అంతా బాగానే ఉంది. బీరువాలు సగం పైన అయిపోయాయి. చాలా అందంగా ఉన్నాయి. కొత్త భవనంలో వెలుతురు బాగుంటుంది.

నాన్న దగ్గు తగ్గిందా? ఇక్కడ అంతా బాగానే ఉంది.

నీ
చిలక

*

ఆగస్టు 8

చిలకా,

రెండు ఉత్తరాలు. రెండూ కలిపితే ఒక పేజీ లేదు. ‘అంతా బాగానే ఉంది’ మాత్రం నాలుగుసార్లు ఉంది.

నేను ముప్పై రెండేళ్ళుగా సైటులో ఉన్నాను. పొద్దున్నే వచ్చి “పంపు చెడిపోయింది, సిమెంటు రాలేదు, వాడు పనిలోకి రాలేదు” అని గోల చేసే మేస్త్రీ గురించి నాకు భయం ఉండదు. “అంతా బాగానే ఉందండీ” అన్న మేస్త్రీ దగ్గరికే ముందు వెళ్ళి చూసేదాన్ని. బీరువాలు అందంగా ఉన్నాయని రాశావు. నువ్వు సంఖ్యలు రాసే పిల్లవి. అందం ఎప్పటినుంచి మొదలైంది?

ఏం జరిగిందో నేను అడగను. ఎర్ర చీటీ ఎందుకు మొదలైందో చెప్తాను. ఉత్తరంలో చెప్పకూడదనుకున్నాను, కానీ ఎదురుగా నేనూ చెప్పలేను. నీ పిరికితనం ఎక్కడినుంచి వచ్చిందనుకున్నావు?

నీకు తొమ్మిదేళ్ళు. నాన్న ఓడమీద ఉన్నారు. ఏప్రిల్ పన్నెండున మీ స్కూలుకి సెలవులు, ఆరోజు వచ్చి నిన్ను తీసుకెళ్తానని మాటిచ్చాను. సైటు గోడమీద, రెండు పిల్లర్ల గీతల మధ్య, పెన్సిలుతో ఒక చిన్న గీత గీసి ‘చిలక’ అని రాసుకున్నాను. నువ్వు పెట్టె పట్టుకుని గేటు దగ్గర కూర్చున్నావు. నేను ఇరవై ఒకటిన వచ్చాను. తొమ్మిది రోజుల తర్వాత. పని హఠాత్తుగా మీద పడింది, సెలవు దొరకలేదు అని చెప్పాను. నువ్వు ‘ఊ’ అన్నావు.

హఠాత్తుగా పడలేదమ్మా. ఆ కాగితం గీసింది నేనే. ఆ వారం కాంక్రీటు పోయాల్సి వస్తుందని నలభై రోజుల ముందే తెలుసు. సెలవు దొరకకపోవడం కాదు, నేను అడగనే లేదు. ఆ సైటులో నేనొక్కదాన్నే ఆడదాన్ని. పిల్ల కోసం వెళ్తానంటే, “అందుకేనండీ ఆడవాళ్ళకి సైటు పని వద్దనేది” అంటారని భయం. పైగా ఆ వారంలోనే నాకు ప్లానింగ్ ఇన్‌ఛార్జి పదవి ఇస్తామన్నారు. ఇచ్చారు కూడా. నేను ఆ కుర్చీలో కూర్చున్న మొదటి రోజు, నువ్వు పెట్టె మీద కూర్చున్న ఐదో రోజు.

ఆ నలభై రోజులూ నీకు వారం వారం ఉత్తరం రాశాను. ప్రతి ఉత్తరంలోనూ ‘అంతా బాగానే ఉంది, పన్నెండున వస్తున్నాను’ అని రాశాను. గోడమీది పెన్సిలు గీతని మాత్రం చెరిపి, ఒక్కొక్క రోజు జరుపుతూ వచ్చాను. గోడకి చెప్పాను, నీకు చెప్పలేదు. చెప్పి ఉంటే మీ కాన్వెంటు సిస్టర్లు ఎవరి ఇంటికైనా పంపేవారు. నువ్వు ఏడ్చి ఊరుకునేదానివి. గేటు దగ్గర కూర్చునేదానివి కాదు.

ఇరవై ఒకటిన నేను గేటులోకి వచ్చినప్పుడు నువ్వు లేచి రాలేదు. ఒళ్ళో పుస్తకం ఉంది. తల ఎత్తలేదు. ఆ తల ఎత్తకపోవడం పదిహేడేళ్ళుగా నాతోనే ఉంది. సైటుకి తిరిగి వెళ్ళిన మొదటి రోజే ఎర్ర కాగితాలు కత్తిరించాను.

చెడ్డవార్తకి వయసు పెరిగేకొద్దీ బరువు పెరుగుతుంది. నీ దగ్గర ఉన్నదాని వయసెంత?

అమ్మ

*

ఆగస్టు 16

ప్రియమైన అమ్మకి,

ఇరవై ఏడు రోజులు. సోమవారం చీటీ గుచ్చేసరికి దాని వయసు అంత.

నువ్వు గేటు గురించి రాసినదానికి జవాబు ఉంది. కానీ ముందు పని సంగతి చెప్పనివ్వు.

జూలై పద్దెనిమిదిన, నోటీసు పెట్టిన మర్నాడు, పాఠకులు పుస్తకాలు తేవడం మొదలైంది. బల్లమీద దొంతర్లు పెరిగాయి. బైండింగ్ అక్క వాటిని చూసి, “వీళ్ళకి ఎక్కడ చోటు కొలిచావే?” అంది. అప్పుడు తెలిసింది. నేను అరల్లో ఉన్నవాటినే కొలిచాను. బయట ఉన్నవాటిని కొలవలేదు. ఎప్పుడు చూసినా ఆరువేల పుస్తకాలు జనం ఇళ్ళలో ఉంటాయట. రిజిస్టరులో నలభై ఆరు వేలని ఉంది. పోయినవీ చిరిగినవీ తీసేస్తే నలభై అనుకున్నాను. ఎవరినైనా ఒక్క మాట అడిగి ఉంటే చెప్పేవారు. భోజనాల గంటలో కొలిస్తే అడగడానికి ఎవరుంటారు? నేను ఎప్పుడూ అరల మధ్య కూర్చుని చదివినదాన్ని. పుస్తకం ఇంటికి వెళ్తుందని నాకు తోచనే లేదు.

నేను ఉంచిన అరవై మీటర్లు పోగా ఇంకా నూట ఎనిమిది తక్కువ. ఆరోజే మేస్త్రీకి చెప్పి ఉంటే ఎనిమిది వారాలకి, అంటే సెప్టెంబరు పన్నెండుకి, అయిపోయేది. లెక్క ఆరోజే వేశాను. చెప్పలేకపోయాను. నోటుబుక్కులో రెండు గీతలు గీసిన అంకెని చూస్తూ కూర్చున్నాను. మర్నాడు చెప్తాననుకున్నాను. ఇరవై ఏడు మర్నాళ్ళు.

నీ ఉత్తరం శుక్రవారం వచ్చింది. ప్రతి సోమవారం పొద్దున అందరం గోడ ముందు నిలబడతాం. నేను పెట్టెలోంచి అక్క సూదులు తీసి ఆవిడ చేతిలో పెట్టి, చీటీ తీసుకున్నాను.

ఏం తేడా: అరలు నూట ఎనిమిది మీటర్లు తక్కువ. ఎప్పుడు తెలిసింది: జూలై 18. ఏ రోజుకి: తెలియదు.

రెండో వాక్యం రాయడమే కష్టమైంది.

గుచ్చి, బయట ఉన్న ఆరువేల సంగతి చెప్పాను. అందరూ దగ్గరికి వచ్చి చదివారు. మేస్త్రీ రెండుసార్లు చదివారు. “జూలైలో చెప్తే అయిపోయేది కదమ్మా!”

అక్క వెంటనే, “నియమం ఏమిటి మేస్త్రీ? తిట్టకూడదు” అంది.

“నేను తిట్టడం లేదు తల్లీ, ఏడుస్తున్నాను.”

అందరూ నవ్వారు. నిశ్శబ్దం గారు బోర్డు చూపించలేదు. ఆయన చీటీ చదివి నా వైపు చూశారు. నా ఉద్యోగం ఆ చూపులో ఉందని తెలుసు. 

“ఆ ఆరువేలు ఇప్పుడు ఎక్కడున్నాయమ్మా?”

“వెయ్యి దాకా వచ్చేశాయండీ. మిగతావి బయటే. ఇళ్ళలో.”

“అక్కడ బాగానే ఉన్నాయా?”

“...ఉన్నట్టేనండీ.”

“మరి వాటిని ఎందుకు పిలుస్తున్నాం?”

 అందరూ ఒకేసారి మాట్లాడారు. వెళ్ళిన పుస్తకాల్ని అక్కడే ఉండనిద్దాం అని ఒకరు. ఇంకా తీసుకుపొమ్మందాం అని అక్క. “మనిషికి పది ఇవ్వండి. లారీలో దెబ్బ తినే బదులు వాళ్ళ చంకల్లో వెళ్తాయి. కొత్త అరలు అయ్యాక వాళ్ళే కొత్త భవనానికి తెచ్చిస్తారు. దారి కూడా తెలిసొస్తుంది.” మేస్త్రీ వేళ్ళు లెక్కపెట్టి, “అక్టోబరు పదికి ఇస్తాను” అన్నారు.

పాత నోటీసు చింపాను. కొత్తది నేనే రాశాను: ‘పది పుస్తకాలు తీసుకెళ్ళండి. మేము పిలిచేదాకా ఉంచుకోండి.’

సాయంత్రానికి గోడమీద ఇంకో రెండు ఎర్ర చీటీలు ఉన్నాయి. ఒకటి అక్కది: ‘కుట్టాల్సినవి ఇంకా నాలుగువందలు. మార్చి నుంచి తెలుసు.’

నిశ్శబ్దం గారు నా ఉద్యోగం గురించి ఏమీ అనలేదు. నేను ఈసారి అడిగాను. “ఫైలులో రెండూ రాస్తాను” అన్నారు. ఏ రెండో చెప్పలేదు.

నీ
చిలక

*

ఆగస్టు 22

చిలకా,

నీ ఉత్తరం నాన్నకి పైకి చదివి వినిపించాను. “నా చిలక అరిచింది” అన్నారు. తర్వాత దగ్గు వచ్చిందని లేచి వెళ్ళారు. దగ్గు ఎప్పుడో తగ్గింది.

పుస్తకాల్ని బయటే ఉండనివ్వడం నాకు తట్టేది కాదు. నేనైతే పచ్చి చెక్కతోనే చేయించేదాన్ని, ఏడాదికి వంకర పోయేవి.

దీనితోపాటు ఒక ఎర్ర ముక్క పెడుతున్నాను. నా గోడమీద ఉన్నదానికి నకలు. నువ్వు చదివాక నీ గోడకి గుచ్చుకో.

ఏం తేడా: సెప్టెంబరు 20న రాలేను. నది నీరు తగ్గేది అప్పుడే. వంతెనకి ఆఖరి గడ్డరు, అదే పెద్ద దూలం, ఆరోజే ఎక్కించాలి. ఎప్పుడు తెలిసింది: ఈరోజు, ఉదయం పదకొండింటికి. ఏ రోజుకి: సెప్టెంబరు 27, ఉదయం ఎనిమిదింటికి అక్కడికి చేరే రైలు.

ఇప్పుడు మధ్యాహ్నం పన్నెండున్నర. గంటన్నర వయసున్న వార్త ఇది. ఇంతకంటే తాజాగా ఇవ్వలేను.

ఈసారి సెలవు అడిగాను. మా ప్రాజెక్టు మేనేజరు ఒకప్పుడు నా దగ్గర ట్రైనీ. “మేడమ్, గడ్డరు రోజు మీరు లేకుండా ఎలా?” అన్నాడు. “ఆరోజు ఉంటాను. ఇరవై ఆరు నుంచి వారం రోజులు ఉండను. మా అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాను” అన్నాను. సంతకం పెట్టాడు. “ఎలా ఉంది మేడమ్ మీ అమ్మాయి?” అని కూడా అడిగాడు. మొత్తం అరనిమిషం పట్టింది. పదిహేడేళ్ళ క్రితం కూడా బహుశా అంతే పట్టేదేమో.

నాన్న మాత్రం పంతొమ్మిదినే వస్తారు. ఒక సూట్‌కేసు, అనేక సలహాలతో. సలహాలు దించుకోవడానికి చోటు కొలిచిపెట్టుకో.

గేటు గురించి జవాబు ఉందన్నావు. ఎదురుచూస్తున్నాను.

అమ్మ

*

సెప్టెంబరు 22

ప్రియమైన అమ్మకి,

తెరిచాం. చివరి లారీ పదహారున వెళ్ళింది, నాలుగు రోజులు ముందుగా. పాత భవనంలో ఇప్పుడు అరల గుర్తులు మాత్రమే ఉన్నాయి, గోడమీద తెల్లగా. ఒక్కదాన్నే వెళ్ళి వాటి మధ్య కాసేపు కూర్చున్నాను. నీ రేకుల గదిని విప్పి తీసుకెళ్ళినప్పుడు నువ్వూ ఇలాగే కూర్చున్నావా?

కొత్త భవనంలో తూర్పు మూల ఖాళీగా ఉంది. వచ్చినవాళ్ళు అడుగుతుంటే, “అక్కడ ఉండాల్సినవి మీ ఇళ్ళలో ఉన్నాయండీ” అని చెప్పాను. పైకే చెప్పాను, అందరికీ వినపడేలా. నాన్న చప్పట్లు కొట్టారు. ఆయనొక్కరే కొట్టారు. నిశ్శబ్దం గారు కొత్త బోర్డు చూపించారు. నాన్న దాన్ని చదివి, “బాగుంది, అక్షరాలు పెద్దగా ఉన్నాయి” అని మెచ్చుకున్నారు. ఇప్పుడు వాళ్ళిద్దరూ స్నేహితులు. నాన్న మాట్లాడతారు, ఆయన వింటారు.

గడ్డరు ఎక్కిందని నాన్నకి వచ్చిన ఫోనులో విన్నాను. ‘ఊ’ అన్నాను. సంతోషంతో అన్నాను, నీకు తెలిసే ఉంటుంది.

నా ఫైలు చూపించారు. ‘కొలతలో పొరపాటు చేసింది. నెల రోజులు దాచింది. తర్వాత తానే అందరి ముందూ చెప్పింది.’ ఆయన చెప్పిన రెండూ మూడయ్యాయి. అక్టోబరులో నా పేరు పంపడం లేదు. ఏప్రిల్‌లో పంపుతారట. తూర్పు మూల నిండాక. న్యాయమే అనిపించింది. కాస్త ఏడ్చాను కూడా.

ఇక గేటు సంగతి.

నా గుత్తిలో ఏ తాళానికీ పనికిరాని ఇత్తడి తాళంచెవి ఒకటుందని రాశాను. అది ఎక్కడిదో నువ్వు ఎప్పుడూ అడగలేదు. మనిద్దరం ఒకరినొకరు ఏమీ అడగం.

మొదటి రెండు రోజులూ గేటు వైపే చూశాను. ఎవరు అడిగినా “అమ్మ రైలు లేటు” అన్నాను. మూడో రోజు పొడుగు సిస్టర్ వచ్చి నా పక్కన మెట్టు మీద కూర్చుంది. రైళ్ళు అంతంత లేటు ఉండవని ఆవిడ అనలేదు. జేబులోంచి ఈ తాళంచెవి తీసి నా చేతిలో పెట్టింది. స్కూలు పుస్తకాల బీరువాది. అప్పటిదాకా దాన్ని వారానికోసారి ఒక గంట తెరిచేవారు, ఒక్క పుస్తకం ఇచ్చేవారు. “రైలు వచ్చేదాకా ఇది నీది” అంది. ఇంటికి తీసుకెళ్ళడానికి ఇల్లు లేదు కాబట్టి బీరువా ముందే కూర్చుని చదివాను. పుస్తకమంటే అరలో ఉండేదే అని నాకు అక్కడే తలకెక్కి ఉంటుంది. సాయంత్రం గేటు దగ్గరికి వచ్చి, పెట్టె మీద కూర్చుని, ఒకటి చదివేదాన్ని. ఏడు రోజుల్లో పదకొండు చదివాను. నేను స్కూలు వదిలి వెళ్ళే రోజున సిస్టర్ ఆ తాళం మార్పించి, ఈ చెవి నాకు ఇచ్చేసింది.

కోపం రాలేదని రాయను. వచ్చింది. నువ్వు రాసింది చదివాక మళ్ళీ వచ్చింది, నలభై రోజుల ముందే తెలుసన్నచోట. నాలుగు రోజులు నీకు ఉత్తరం రాయలేకపోయాను. కానీ నువ్వు పదిహేడేళ్ళుగా మోస్తున్నది మాత్రం కొంత తప్పు లెక్క, సరిచెయ్యాలి.

ఆరోజు నేను తల ఎత్తలేదు. నిజమే. నువ్వు గేటు తీసిన చప్పుడు విన్నాను, నీ చెప్పుల చప్పుడు గుర్తుపట్టాను. ఎత్తలేదు. అందులో సగం కోపం. మిగతా సగం, అమ్మా, ఇంకా పదహారు పేజీలు ఉన్నాయి.

నీ ఎర్ర చీటీ గోడమీదే ఉంది. మిగతావన్నీ తీసేశాం. చదివినవాళ్ళు “ఈ వచ్చే ఆవిడ ఎవరు?” అని అడుగుతున్నారు. “మా అమ్మ” అంటున్నాను.

ఇరవై ఏడున పొద్దున్న ఏడున్నరకే స్టేషను గేటు దగ్గర ఉంటాను. చేతిలో పుస్తకం ఉండదు.

నీ
చిలక